పద్మక్క చూసిన ఇల్లు

పోయిన నెల మా అక్క పద్మ కోడేరు నుంచి నాగర్‌కర్నూలు వచ్చింది, అద్దె ఇల్లు చూసుకోవడానికి. నేను ఈ ఊళ్లో బడిపంతులుగా పదేళ్ల నుంచి ఉంటున్నాను కాబట్టి ఏ వీధిలో నీళ్లు ఎట్లా ఉంటాయో, ఏ కాలేజీలో పాఠం చెబుతారో, ఏ కాలేజీలో ఫీజు మాత్రమే చెబుతారో నాకు తెలిసి ఉంటుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని పొద్దున పదింటికల్లా వమ్ము చేశాను. నాకు బాగా తెలిసిన ఇంటి ఓనరు ఈ ఊళ్లో ఒక్కడే. అతను నన్ను ఖాళీ చేయమంటున్నాడు. వెంట వచ్చిన అక్క కూతురు శ్రావణికి పదో తరగతి అయిపోయింది. కోడేరు నుంచి ఇక్కడి కాలేజీకి రోజూ బస్సులో తిరిగితే పిల్ల అలసిపోతుందని కుటుంబమంతా ఇక్కడికి మారుతున్నారు. బావకు కోడేరులో బోరు మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది. దాన్ని మార్చలేడు కాబట్టి రోజూ బండి మీద ఆయనే పోయి వస్తానన్నాడట. అక్క ముందు నడుస్తూ ప్రతి ఇంట్లో కొళాయి తిప్పి చూసేది, పుక్కిలించి ఉమ్మేది, కిటికీ తెరిచి ఎండ ఎటు నుంచి పడుతుందో అడిగేది. నేను గొడుగు పట్టుకుని వెనక నడిచాను. నాలుగో ఇంటి దగ్గర, ఇట్లా ఆమె వెనక ఇళ్లు చూస్తూ నడవడం నాకిది మొదటిసారి కాదని గుర్తొచ్చింది. అప్పుడు నాకు పదకొండేళ్లు, ఆమెకు పదహారు. ఊరు వనపర్తి. ఇన్నేళ్లలో ముందు నడిచే మనిషీ మారలేదు, వెనక నడిచే మనిషీ మారలేదు. వెనకవాడికి జీతం మాత్రం వస్తోంది.

అప్పుడు మేము ఆత్మకూరులో ఉండేవాళ్లం. మా నాయిన అక్కడి మార్కెట్ యార్డులో దడ్వాయి, అంటే రైతులు తెచ్చిన బస్తాలను కాంటా మీద పెట్టించి, తూచి, బరువును అందరికీ వినబడేలా చెప్పే మనిషి. పల్లికాయ, కందులు, ఆముదాలు, జొన్నలు, ఏ కాలంలో ఏ పంట వస్తే ఆ కాలమంతా ఆయన చొక్కా ఆ వాసనే వేసేది. మా ఇంట్లో క్యాలెండరు అవసరం పడేది కాదు, నాయిన పక్కన కూర్చుంటే చాలు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మల మీద పొట్టు పేరుకుని, ఆయన ఒక్క పగటిలోనే ముసలివాడై వచ్చినట్టుండేవాడు. మొహం కడుక్కుంటే మళ్లీ పడుచువాడు. మొదటి బస్తాను ఆయన ఎన్నడూ 'ఒకటి' అనలేదు. తూచేవాళ్ల ఆనవాయితీ ప్రకారం 'లాభం' అనేవాడు, తర్వాత రెండు, మూడు. అన్నానికి కూర్చున్నప్పుడు కంచంలో మొదటి రొట్టె పడగానే కూడా ఆయన నోటి నుంచి లాభమే వచ్చేది. ఎవరైనా చంటిపిల్లను ఎత్తుకోమని ఇస్తే ముద్దు పెట్టుకోవడానికి ముందు బరువు చెప్పేవాడు. నన్ను ఎత్తి ఒకసారి, 'సంచి తీసేస్తే ఏం మిగలదు' అన్నాడు. చొక్కా లాగుల గురించి అన్నాడనే అప్పుడు అనుకున్నాను.

యార్డులో నాయినకు ఒక పేరుండేది. సరుకులో తడికి ఇంత, మట్టికి ఇంత, గోనెసంచికి ఇంత అని మొత్తం బరువులోంచి తీసేసేదాన్ని తరుగు అంటారు. చాలామంది దాన్ని నోట్లో నోట్లో గొణిగి తీసేస్తారు. నాయిన రైతు మొహం చూసి, గట్టిగా చెప్పి తీసేవాడు. ఎక్కువ తియ్యడు, ఉన్నది దాచడు. అందుకే రైతులు ఆయన కాంటా దగ్గరే వరుస కట్టేవాళ్లు. ఇంట్లో కూడా మాకు అదే నేర్పాడు. ఏదైనా అడగాలనుకుంటే దానిలో ఉన్న తరుగు ముందే చెప్పి అడగాలి. నేను క్రికెట్ బ్యాటు అడిగినప్పుడు, దానివల్ల లెక్కల్లో మార్కులు తగ్గుతాయని నా నోటితోనే చెప్పించాడు. చెప్పాను. బ్యాటు రాలేదు, మార్కులూ రాలేదు. అప్పటి నుంచి నేను ఆ పద్ధతి మానేశాను. అక్క మానలేదు.

ఆ ఎండాకాలం నేను ఐదు పాసయ్యాను. నన్ను ఇంగ్లీషు మీడియంలో వెయ్యాలని అమ్మ పట్టుబట్టింది. నాలో ఏదో ఉందని అమ్మకు గట్టి అనుమానం. ఇంతవరకూ రుజువు కాలేదు. అక్క పది ఫస్టు క్లాసులో పాసై పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాసింది, మంచి ర్యాంకు వచ్చింది. ఇళ్లు కట్టే చదువు, సివిల్ చదవాలని ఆమె కోరిక. నా పాత నోటుబుక్కుల వెనక అట్టల మీద ఇళ్ల నమూనాలు గీసేది. వంటింట్లో పొగ ఎటు పోవాలో బాణం గుర్తులు పెట్టేది. ఆత్మకూరుకు ఒక పక్క గద్వాల, ఇంకో పక్క వనపర్తి, మధ్యలో కాంటా ముల్లులాగా మేము. ఏదో ఒక ఊరికి మారాలని తేలింది. ఏ ఊరు అన్నది తేల్చే పని అక్క తన మీద వేసుకుంది. ఒక కాగితం మీద మూడు గీతలు గీసి బడి, బస్సు, ఇల్లు అని రాసుకుంది. నాయినకు యార్డులో పని లేనిరోజు ఆయనతో, పని ఉన్నరోజు అమ్మతో, ఇద్దరూ వద్దన్నరోజు నాతో బయలుదేరేది. నేను తోడు అన్నమాట. ఎవరికి ఎవరు తోడో బస్సు కండక్టరుకు కూడా తెలిసేది.

మొదట నాయినతో ముగ్గురం గద్వాల పోయాం. ఇల్లు మంచిది, అద్దె తక్కువ, ఇంటావిడ కన్నడం కలిసిన తెలుగులో మమ్మల్ని ఎంతో మర్యాదగా కూర్చోబెట్టింది. అక్క బడి గురించి బడిని అడగలేదు. సెలవులు కాబట్టి అడుగుదామన్నా ఎవరూ లేరు. ఇంటావిడ మనవడి పోయినేటి లెక్కల నోటుబుక్కు తెమ్మని, గడప మీద కూర్చుని పేజీలు తిప్పింది. తర్వాత బస్సులో నాయినతో చెప్పింది.

'ఆ పిలగాడు తొమ్మిదో ఎక్కం తప్పు రాసిండు నాయినా. సారు దాని మీద కూడ టిక్కు పెట్టిండు. చూడకుంటనే పెట్టిండు. గా బడి వద్దు.'

'మనోడు రాసినా టిక్కు పెడతడు గద బిడ్డా. అమ్మ ఖుషీ అయితది.'

నాయిన నవ్వకుండా అనేవాడు ఇట్లాంటివి. అక్క కాగితంలో గద్వాల మీద గీత కొట్టింది. గద్వాలలో ఆమె చదవాలనుకున్న సివిల్ కోర్సు అప్పట్లో లేదన్న సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. అది బడి కిందా రాలేదు, బస్సు కిందా రాలేదు, ఇంటి కిందా రాలేదు.

వనపర్తికి అక్కా నేనూ పోయాం. బస్టాండు వెనక మూడో సందులో ఖాదర్ సాబ్ అనే పెద్దమనిషి ఇల్లు ఉందని ఎవరో చెప్పారు. రెండు గదులు, ముందు వరండా, పెరట్లో బోరు. మా పక్క బోరునీళ్లు కొన్నిచోట్ల ఎంత గట్టివంటే, వాటిలో పప్పు పొద్దంతా మరిగినా పలుకు మెత్తబడదు. అందుకని అమ్మ ఇళ్లు చూడటానికి పోయే ప్రతిసారీ అక్క చేతిరుమాలులో గుప్పెడు కందిపప్పు కట్టి పంపేది. అక్క ఇల్లు చూడకముందే ఆ మూట విప్పి, మీ బోరునీళ్లతో దీన్ని కొంచెం పొయ్యి మీద పెడతారా అని అడిగింది. ఖాదర్ సాబ్ కుర్చీలోంచి లేవకుండానే చూశాడు.

'ఇల్లు చూస్తందుకు వచ్చినవా బేటీ, వంట చేస్తందుకు వచ్చినవా?'

'పప్పు ఉడికితే ఇల్లు చూస్త సాబ్. ఉడకకుంటే మీకెందుకు పరేషాన్.'

లోపలి నుంచి ఆయన భార్య వచ్చి గిన్నె అందుకుంది. 'నేను నలభై ఏండ్ల సంది గీ నీళ్లతోనే వండుతున్న. ఈయనకు పండ్లన్నీ ఊడినయ్. అయినా పప్పు తినుడు ఆపలే. ఇంకేం సాక్ష్యం గావాలె నీకు?'

'పప్పు సాక్ష్యం గావాలె నానీ,' అంది అక్క.

పప్పు ఉడికింది. వేళ్ల మధ్య నలిపి చూసి, ఉప్పేసుకుని నలుగురం తలో ముద్దా తిన్నాం. ఎంతమంది ఉంటారని ఖాదర్ సాబ్ అడిగితే నలుగురమని చెప్పింది. ఆయన మనవరాలి నోటుబుక్కు కూడా తెప్పించుకుని చూసింది. తప్పులు తప్పులుగానే కొట్టి ఉన్నాయి, పక్కన ఎర్రసిరాతో సరైనది రాసి ఉంది. ఆ బడి దాకా నన్ను నడిపించుకుపోయింది, అడుగులు లెక్కపెడుతూ. తిరిగి వచ్చి ఖాదర్ సాబ్ గుమ్మం దగ్గర నిలబడి, ఈసారి రెండో దిక్కుకు నడిచింది. అటు ఎందుకని అడిగితే, ఊరు చూద్దాం రా అంది. అది పాత రాజుల కోటలో నడుస్తున్న పాలిటెక్నిక్ గేటు. సెలవుల వల్ల మూసి ఉంది. ఇనప ఊచల మధ్య నుంచి లోపలికి చూసింది. నేను ఎండలో చెప్పులు కాలుతున్నాయని అన్నాను. 'పోదాం పా తమ్మి,' అని వెంటనే వచ్చేసింది. ఎన్ని అడుగులని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

యార్డు సెలవురోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర అక్క కాగితం తీసింది. అంత బాగా ఒక సంగతిని విప్పి చెప్పడం నేను తర్వాత శిక్షణ తరగతుల్లో కూడా వినలేదు. బడి ఎందుకు మంచిదో చెప్పింది, నీళ్లు ఎందుకు మంచివో చెప్పింది, గద్వాల కన్నా అద్దె ఎక్కువైనా ఏ ఖర్చు తప్పుతుందో చెప్పింది. పొద్దున మొదటి బస్సు ఎక్కితే నాయిన గంట కొట్టేలోపు యార్డుకు ఎట్లా చేరతాడో చెప్పింది. అమ్మ రొట్టె తుంచడం ఆపి విన్నది. నాయిన తల ఊపుతూ అంతా విని, అలవాటు కొద్దీ అడిగాడు.

'బాగుంది. తరుగు ఏంది?'

అక్క చెప్పకుండా ఉండవచ్చు. నేనైతే చెప్పేవాణ్ని కాదు. ఆమె దడ్వాయి కూతురు.

'ఒక్కటే ఉంది నాయినా. సీజన్ నాలుగు నెలలు నీకు తూకం అయ్యేసరికి ఆఖరు బస్సు పోతది. గా నాలుగు నెలలు నువ్వు ఈడనే ఉండాలె. మరి నీ తిండి.'

నాయినకు కడుపులో పుండు. హోటల్లో ఒక పూట కారం కూర తింటే రెండు రోజులు పడుకునేవాడు. తెల్లవారుజామున అమ్మ చేసే జొన్నరొట్టె, మజ్జిగ, ఉప్పు తక్కువ పప్పు, ఇవి తప్ప ఆయనకు ఏవీ పడవు. ఆ రొట్టె చప్పుడుకే నేను రోజూ నిద్ర లేచేవాణ్ని.

'గా నాలుగు నెలలు పద్మ ఉంటది,' అంది అమ్మ. 'నేను పిలగాని తోటి పోత. ఇద్దరు పిల్లల్నే ఊరుగాని ఊళ్లె ఎట్ల వదులుత? ఆడపిల్ల.'

'మరి దాని కాలేజీ?' అన్నాడు నాయిన.

'చేరి నాలుగు నెలలు పోకుంటే పేరు కొట్టేస్తరు. సీటు ఆగమైతది. వచ్చే ఏడు చేరుతది తియ్యి.'

నాయిన అక్క వైపు తిరిగాడు. 'వచ్చే ఏడు బిడ్డా. కోట యాడికి పోతది?'

అక్క నవ్వింది. నేనూ నవ్వాను, నాయిన మాట బాగా పడింది కాబట్టి. అమ్మ రొట్టె తుంచుకుంది. అక్క కాగితం మడిచి కంచం కింద పెట్టి, నాకు ఇంకొంచెం పప్పు వేసింది. అంతే. మా ఇంట్లో గొడవ జరగలేదు, ఎవరూ ఏడవలేదు, ఎవరూ అలిగి పడుకోలేదు. మూడు గీతల కాగితం ఎవరూ కాదనలేనంత సరిగ్గా ఉంది. అక్క చెప్పిన ఊరే, అక్క చూసిన ఇల్లే, అక్క మెచ్చిన బడే ఖాయమయ్యాయి. పాతకాలపు త్రాసులో రెండు తట్టలూ సమంగా లేకపోతే తేలికవైపు ఒక రాయి కడతారు. పాసంగం అంటారు దాన్ని. అది సరుకూ కాదు, తూకపు రాయీ కాదు, దాని బరువును ఎవరూ చదవరు. అది ఉంటే ముల్లు మధ్యలో నిలుస్తుంది. ఈ మాట నాకు ఇప్పుడు తోస్తోంది. ఆరోజు నాకు తోచింది, కొత్త బడిలో బూట్లు ఇస్తారా లేదా అని.

సామాను సర్దింది కూడా అక్కే. కుక్కరు వనపర్తికి, పెనం ఆత్మకూరుకు. కొత్త బొంత మాకు, పాత బొంత వాళ్లకు. అద్దం ఒక్కటే ఉంటే, 'నాకెందుకు, నాయినది చిన్నది ఉంది గద,' అని మా మూటలో పెట్టింది. జూన్‌లో, ఇంకా సీజను మొదలు కాకముందే, అమ్మా నేనూ వనపర్తి చేరాం. సీజనుకు ముందు అక్క కూడా మాతో ఉండవచ్చు నిజానికి. కానీ సీజనులో ఎట్లాగూ రెండిళ్లు కావాల్సినప్పుడు ఇప్పుడు కలిపి తర్వాత విడదీయడం ఎందుకని అమ్మ అంది. ఖాదర్ సాబ్ వరండాలో నిలబడి మా ఇద్దరినే లెక్కపెట్టాడు.

'పప్పు పిల్ల ఏది?'

'వస్తది సాబ్. నాలుగు నెలలే,' అంది అమ్మ.

నా కోసం ఊరు మార్చారు. నేను మాత్రం మారలేదు. మొదటి మూడు నెలల పరీక్షలోనే లెక్కల్లో తప్పాను, అదీ ఎర్రసిరాలో, పక్కన సరైన జవాబులతో సహా. ఆదివారాల్లో నాయినా అక్కా వచ్చేవాళ్లు, తెల్లబట్టలో చుట్టిన రొట్టెలతో. అక్క చేతుల మీద అమ్మ చేతుల వాసనే రావడం మొదలైంది, జొన్నపిండి, పొయ్యి బూడిద. ఆమె నా నోటుబుక్కులు తిప్పి చూసి మళ్లీ సంచిలో సర్దేది. ఖాదర్ సాబ్ భార్య ప్రతిసారీ ఆమెను లోపలికి పిలిచి, ఇదిగో నీ ఇల్లు, ఎప్పుడొస్తున్నవ్ అని అడిగేది. సాయంత్రం బస్సు వేళకు ఇద్దరూ లేచి వెళ్లిపోయేవాళ్లు. నాలుగు నెలలు అయిపోయాయి. ఆ తర్వాత నాయిన కడుపునొప్పి ఎక్కువై దవాఖాన చుట్టూ తిరిగారు. ఆ వేసవిలో అక్క పరీక్ష మళ్లీ రాసింది. ఏడాది పుస్తకం పట్టలేదు కాబట్టి ర్యాంకు వెనక్కి పోయింది. ఆ మరుసటేడు పరీక్ష ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎత్తకూడదని ఎవరూ అనుకోలేదు, ఎత్తడం మరిచిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్లకు కోడేరు సంబంధం వచ్చింది. బావ మంచివాడు. ఇప్పటికీ మంచివాడే.

ఇదంతా రాస్తూ, ఆ సంవత్సరాల్లో నాకేమనిపించేదో గుర్తుచేసుకుందామని కూర్చున్నాను. ఎక్కువసేపు మఠం వేసుకుని కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది, గిల్లితే గిల్లినట్టు తెలుస్తుంది గానీ నొప్పి తెలియదు. అట్లా ఉంది. బస్సు కదిలేటప్పుడు అక్క కిటికీలోంచి చెయ్యి ఊపడం గుర్తుంది, ఖాళీ గిన్నెల సంచి ఆమె ఒళ్లో ఉండటం గుర్తుంది, నేను వెంటనే తిరిగి పరిగెత్తడం కూడా గుర్తుంది, ఎందుకంటే సందు చివర పిల్లలు ఆట మొదలుపెట్టేవాళ్లు. నాయిన పోయి మూడేళ్లయింది. పోయేముందు దవాఖాన మంచం మీద ఆయన చాలా మాట్లాడాడు, యార్డు గురించి, ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాంటాలు వచ్చి దడ్వాయి నోరు తెరవాల్సిన పనే లేకపోవడం గురించి. ఈ సంగతి మాత్రం ఎత్తలేదు. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. అడిగితే, 'అప్పుడు గట్లనే ఉండె గద,' అంటుంది. నిజమే, గట్లనే ఉండె.

ఇప్పుడు అంతా సులువు. ఏ కాలేజీ ఎట్లా ఉందో ఫోనులో నక్షత్రాలు చూసి చెబుతారు, ఎంత దూరమో ఫోనే నిమిషాల్లో చెబుతుంది, ఇంటి లోపలి గదులు కూడా వీడియోలో వస్తాయి. నీళ్లు క్యాన్లలో వస్తాయి కాబట్టి పప్పు ఎక్కడైనా ఉడుకుతుంది. అయినా అక్క ఆరోజు ఏడు ఇళ్లు కాలినడకన తిరిగింది. శ్రావణి ప్రతి ఇంట్లో తన మంచం ఎక్కడ పడుతుందో చూసుకుంది, రెండిళ్లను మొహం మీదే వద్దంది. ఒక ఇంటి ఓనరుతో పార్కింగు గురించి వాదించింది కూడా. అక్క ఆ పిల్లను ఆపలేదు. చివరికి ఆ పిల్ల మెచ్చిన ఇంటికే అడ్వాన్సు ఇచ్చాం.

సాయంత్రం బస్టాండులో కోడేరు బస్సు కోసం కూర్చున్నాం. శ్రావణి పుస్తకాల దుకాణం వైపు పోయింది. ఇరవై ఏళ్లకు పైగా అడగని ప్రశ్న నేను అప్పుడు అడిగాను. ధైర్యం వచ్చి కాదు, మాట్లాడటానికి ఇంకేమీ లేక.

'అక్కా, అప్పుడు నీకు బాధ కాలేదా?'

'ఎప్పుడు?'

'వనపర్తి అప్పుడు. నిన్ను ఆత్మకూర్ల ఉంచినప్పుడు.'

అక్క కొంగుతో మెడ తుడుచుకుంది. 'ఎవరన్న అడుగుతరేమో అని చూసిన తమ్మి. ఉంటవా బిడ్డా, చదువుకుంటవా అని. అడిగితే చెప్పనీకె ఒక మాట తయారు పెట్టుకున్న. బస్సుల గూడ, రొట్టె చేసుకుంట గూడ, దాన్నే అనుకుంటుంటి లోపట లోపట. మస్తు దినాలు. అమ్మ అడగలే. నాయిన కాలేజీ సంగతి అడిగిండు గని నన్ను అడగలే. నువ్వు చిన్నోనివి.'

'ఏం మాట అక్కా?'

ఆమె నిజంగానే వెతికింది. ఇంట్లో ఎక్కడో పెట్టిన వస్తువు కోసం ఒక్కో గూడూ చూసుకుంటున్నట్టు, కళ్లు కొంచెం చిన్నవి చేసుకుని, పెదాలు కదిలించింది. ఒకసారి దొరికినట్టే అనిపించి నా వైపు తిరిగింది. మళ్లీ తల అడ్డంగా ఊపింది.

'యాదికొస్తలేదు రా.'

అంతలో బస్సు వచ్చింది. శ్రావణి పరిగెత్తుకొచ్చి ముందు ఎక్కి సీటు పట్టింది. అక్క కిటికీ పక్కన కూర్చుని, బస్సు కదులుతుంటే బయటికి వంగి అంది, 'యాదికొస్తే ఫోన్ చేస్త తమ్మి.'

ఆ తర్వాత రెండుసార్లు ఫోను చేసింది. ఒకసారి గ్యాసు కనెక్షను ఎక్కడ మార్పించుకోవాలో అడగడానికి, ఒకసారి కొత్త ఇంటి తాళంచెవి ఓనరు దగ్గర తీసుకున్నానా లేదా అని. తీసుకున్నానని చెప్పాను.